పాట కంటే ముందుండే గంగాబాయి

హనుమాన్ జయంతి నాడు ఎల్లారెడ్డిలో భజన మంచి జోరు మీద ఉండగా, గంగాబాయి కుడిచేతిలోని చిరుత గాలిలోకి లేచి, ముందు వరుసలో కూర్చున్న రిటైర్డు పోస్టుమాస్టరు రాజలింగు గారి పులిహోర విస్తరాకులో దిగింది. చిరుతకు దెబ్బ తగల్లేదు. పులిహోరలో కొంత రాజలింగు గారి చొక్కా మీదికి, కొంత కళ్లద్దాల మీదికి వెళ్లింది. ఆయన అద్దాలు తీసి, ఒక పల్లీ గింజను వేలితో తొలగించి, మళ్లీ పెట్టుకుని, చిరుతను కండువాతో తుడిచి పక్కాయనకు అందించాడు. పక్కాయన ఇంకొకరికి అందించాడు. అట్లా చేతులు మారి అది తిరిగి గంగాబాయికి చేరేసరికి పాటలో ఒక చరణం అయిపోయింది. ఆ చరణమంతా ఆమె ఒట్టి చేత్తోనే కొట్టింది. అదీ అందరికంటే ముందే కొట్టింది.

చిరుతలంటే అరచేతిలో ఇమిడే రెండు చెక్క పలకలు, వాటి అంచుల్లో చిన్న గజ్జె బిళ్లలు. ఒకదాంట్లో బొటనవేలు, రెండోదాంట్లో మిగిలిన వేళ్లు దూర్చి కొడతారు. బృందమంతా కలిసి కొడితే ఒకే పెద్ద చెయ్యి కొట్టినట్టు వినబడాలి. గంగాబాయి ఉన్న బృందంలో మాత్రం ముందొక చెయ్యి, దాని వెనక ఆయాసపడుతూ మిగిలిన బృందం వినబడేవి.

ఇది చిరుతల దగ్గర మొదలైన జబ్బు కాదు. గంగాబాయి పుట్టింది మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గర్లోని ఒక పల్లెలో. పెళ్లినాడు ఏడడుగులు నడిచేటప్పుడు పెళ్లికొడుకు ముత్తయ్య కంటే ముందు అడుగేసి కొంగుముడి ఊడగొట్టింది. పురోహితుడు మళ్లీ మొదటినుంచి నడిపించాడు. బస్సు ఆగకముందే ఎక్కుతుంది. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే జవాబు చెబుతుంది. ఆ జవాబు చాలాసార్లు వాళ్లు అడగని ప్రశ్నకు. పరామర్శకు వెళ్తే వీధి మలుపులోనే ఏడుపు అందుకుంటుంది. ఒకసారి లింగంపేటలో అట్లాగే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వెళ్లి, ఒక ఇంట్లో చతికిలబడి, "ఎంత పనాయె తల్లీ!" అని గట్టిగా అన్నది. చావు పక్కింట్లో. ఆ ఇంట్లో అప్పుడు పెళ్లిచూపులు జరుగుతున్నాయి.

ఇట్లాంటి మనిషికి ఆడబిడ్డగా తార దొరకడం ఎవరు చేసిన ఏర్పాటో తెలియదు. తార ముత్తయ్య చెల్లెలు. బస్టాండు దగ్గర జాకెట్లు కుట్టే దుకాణం నడుపుతుంది. భజన బృందానికి పెద్ద, పాట ఎత్తుకునేది ఆమే. ఆమె పాట నిదానం. ఆమె రాగం తీస్తుంటే వినేవాళ్లు మధ్యలో ఇంటికి పోయి పొయ్యి మీది పాలు దించి రావచ్చు. తార వెనక్కి, గంగాబాయి ముందుకు, మధ్యలో మిగిలిన ఆడవాళ్లు. ప్రతి శనివారం హనుమాన్ గుడి ముందు జరిగేది భజనో, ఇద్దరి మధ్య పంచాయితీయో దేవుడికే తెలియాలి.

పులిహోర సంగతి జరిగిన సాయంత్రం తార అందరి ముందే మొదలుపెట్టింది.

"వదినె, నీకు దండం పెడ్త. ఒక్క పాట, ఒక్కటంటె ఒక్కటి, నా ఎంబడి కొట్టు. గుర్రమెక్కి పోయినట్టు ఏడికే ఆ ఉరుకుడు?"

"నువ్వు జర లేసి నడిస్తె నేనెందుకు ఉరుకుత? నీ పాట మొదలయితె చిన్నపొరగాండ్లు, అయిపోయేటాల్లకు పెండ్లీడుకొస్తున్నరు."

"నీ చిరుత పోయి పెద్దమనిషి విస్తర్ల పడ్డది. ఇజ్జత్ పోయింది."

"ఆయన ఏమన్లే. నీకెందుకు?"

గుంపులో అందరికంటే పెద్దది చిన్నవ్వ. పేరు చిన్నవ్వే గాని నోరు చిన్నది కాదు. ఆమె మధ్యలో దూరింది. "ఆయన ఏమనలేదు నిజమే. నోట్లె పల్లీలున్నయి, ఎట్లంటడు?"

అందరూ నవ్వారు. గంగాబాయి కూడా నవ్వింది, కాస్త ముందే.

అయితే ఈసారి తార మాట నవ్వుతో పోయేది కాదు. గంగాబాయిని బృందం నుంచి తీసేయాలని ఆమె మనసులో ఎప్పుడో పడింది. తీసేస్తే ఆడబిడ్డ పగ పట్టిందని ఊరంటుంది. అందుకని తార ఒక సాక్షి కోసం చూస్తోంది. ఆ సాక్షి ఆ రోజే గుడి మెట్ల మీద కూర్చుని, చెవులకు నల్లటి గిన్నెల్లాంటివి తగిలించుకుని, భజనంతా రికార్డు చేసుకుంటోంది.

ఆమె పేరు మానస. దోమకొండ పిల్ల. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయంలో పదిమంది కలిసి వాయించే సంగీతం మీద పరిశోధన చేసింది. మేళంలో ఎవరు ఎవరిని వింటారు, ఎవరి చెయ్యి ఎవరి వెనక నడుస్తుంది, కలిసి వాయించేవాళ్లు నిజంగా ఎట్లా కలుస్తారు అని కొన్నేళ్లు కొలిచి పెద్ద పుస్తకం రాసింది. ఆ పుస్తకాన్ని పరీక్షించినవాళ్లు చదివారు. వాళ్లమ్మ పసుపు బొట్టు పెట్టి బీరువాలో దాచింది. అంతకు మించి అది ఎవరికీ పనికిరాలేదు.

అప్పుడొక ఫండు వాళ్లు ముందుకొచ్చారు. బీరువాల్లో ఉన్న చదువును జనం చేతుల్లోకి వచ్చే వస్తువుగా మారిస్తే పైసలిస్తామన్నారు. మానస చేసిన వస్తువు ఒక పట్టీ. గడియారంలా ముంజేతికి కట్టుకోవాలి. బృందంలో ముందు నడిపించే మనిషి తాళం కొట్టగానే మిగిలిన అందరి చేతుల మీదా పట్టీ చిన్నగా జివ్వుమంటుంది. ఊరేగింపులో పక్కనే డీజే పెట్టె మోగుతూ ఒకరి తాళం ఒకరికి వినబడకపోయినా, చేతికి తెలుస్తుంది. పైగా ఎవరి చెయ్యి ఎవరితో కలిసిందో, ఎవరు ముందో, ఎవరు వెనకో అంతా దాచుకుంటుంది. కామారెడ్డిలో ఫండు కమిటీ ముందు ఒక బృందంతో చేసి చూపించాలి. నచ్చితే మిగతా పైసలిస్తారు, ప్రతి భజన బృందానికీ పట్టీలొస్తాయి. నచ్చకపోతే పుస్తకం పక్కన ఈ పట్టీలు కూడా బీరువాలోకే.

"మీ బృందం లాంటిది నాకు ఎక్కడా దొరకలేదమ్మా," అన్నది మానస, తారతో.

తార పొంగిపోయింది. తాళం తప్పే బృందం కోసమే ఆ పిల్ల మండలాలన్నీ తిరుగుతోందని, సరిగ్గా కొట్టేవాళ్లతో పట్టీ గొప్ప ఎవరికీ తెలియదని ఆమెకు తట్టలేదు.

తార పట్టీలు పంచుతూ, అందరూ వినేటట్టు ఒక షరతు పెట్టింది. "రోజు గుడికాడ సాధన చెయ్యాలె. మిషిని అన్ని చూస్తది. ఎవ్వల చెయ్యి అందరితోని కలువదో వాళ్లు కామారెడ్డికి రావద్దు, ఇగ మల్ల భజనకు గూడ రావద్దు. మిషిని చెప్పినంక ఎవ్వలేమంటరు? నేనంటె పగ అంటరు గని."

అన్నది అందరినీ చూసి కాదు.

గంగాబాయి పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. "అంకెలు లేవు, ముల్లు లేదు. గుడ్డి గడియారం," అని ముద్ర వేసి కట్టుకుంది. పైకి నవ్వింది గాని, తన చెయ్యి సంగతి తనకు తెలియనిదేం కాదు. పాట మొదలయితే చాలు, చెయ్యి ఆమె మాట వినదు. పట్టుకుని ఆపితే పాట గొంతులో అడ్డం పడుతుంది.

ఆ బృందంలో లేకపోతే ఏమైపోతుందని అడగవచ్చు. గంగాబాయి పొద్దుటినుంచి చీకటి పడేదాకా ఒడిలో చాట పెట్టుకుని, తల వంచి బీడీలు చుట్టే మనిషి. తునికాకు, తంబాకు, దారం తప్ప ఆమె కళ్లు ఇంకేమీ చూడవు. శనివారం ఒక్కటే ఆ నడుం నిటారుగా నిలబడేది. శనివారం ఒక్కటే పదిమంది ఆమె ముఖం చూసేది, తిట్టడానికైనా సరే. అది కూడా పోతే వారమంతా చాటే.

మానస వెళ్తూ వెళ్తూ ఒక్కటే చెప్పింది. "పట్టీ తియ్యకుండ్రి పెద్దమ్మా. తీసి ఏడనో పెడ్తే మర్చిపోతరు. స్నానానికి తప్ప చేతికే ఉండనియ్యండి." సాధన రోజుల్లో పట్టీలు జివ్వుమనవు, చేతుల లెక్క దాచుకుంటాయంతే. అట్లా చేరినదంతా చిన్నవ్వ కోడలు ప్రమోద ఫోను ద్వారా హైదరాబాదుకు వెళ్లే ఏర్పాటు కూడా చేసింది.

తారకు భయపడి మొదటిరోజు అందరూ గుడికి వెళ్లారు. మర్నాడు బీడీల కార్ఖానా నుంచి కబురొచ్చింది, ఆకు ఎక్కువిస్తున్నారు, మాలు తొందరగా కావాలని. ఇక సాధన ఎవరికి గుర్తుంటుంది? పొద్దున్నే చాటలు పట్టుకుని అందరూ గంగాబాయి అరుగు మీద చేరారు. ఇరుగు పొరుగు ఆడవాళ్లు ఆ అరుగు మీద కలిసి చుట్టడం ఏళ్లనాటి అలవాటు. అక్కడొక పద్ధతి ఉంది. పిడికెడు బీడీలు చుట్టి, దారం బిగించి, ఒక్కొక్కదాన్నీ చాట అంచు మీద వరసగా, గబగబా తట్టాలి, లోపలి తంబాకు కుదురుకునేటట్టు. టక్. గంగాబాయి అందరికంటే వేగం. ఆమె తట్టాక ఎవరైనా ఆలస్యంగా తడితే ఊరుకోదు.

"ఏమే ప్రమోదా, నిద్ర పోయినవా? ఇంకొక్కటి చుట్టేటాల్లకు నీ మనుమలొస్తరు."

"నువ్వు చుట్టు పెద్దమ్మా, నా జోలికి రాకు."

"ఓ చిన్నవ్వా, నీ చాట అంచు అరిగిందా, చప్పుడే లేదు?"

"నా చెయ్యి అరిగింది. నీ నోరెప్పుడు అరుగుతదో!"

ఆమె చేత మాట పడటం ఎవరికీ ఇష్టం లేదు. అందుకని ఆమె చెయ్యి లేవడమే ఆలస్యం, అందరి చేతులూ లేచేవి. ఆమె టక్, అందరూ టక్. ముఖాలు మాడ్చుకుని, పళ్లు కొరుక్కుంటూ, ఒకరినొకరు లోలోపల తిట్టుకుంటూ వాళ్లు పొద్దంతా ఒకే చేతిలా తట్టారు. అందరి చేతులకూ గుడ్డి గడియారాలున్నాయి.

తార అరుగు మీద లేదు. ఆమె బీడీలు మానేసి చాలా కాలమైంది. దుకాణంలో ఒంటరిగా, జాకెట్టు ముక్కలు కత్తిరించే సందున ఆమె నిజంగానే సాధన చేసింది. ప్రతి పాటా, ప్రతి చరణమూ, నిదానంగా. బృందంలో చిరుత పట్టింది ఆమె ఒక్కతే.

తరువాతి వారం మానస ఎల్లారెడ్డి బస్టాండులో దిగి, సామాను కూడా దించకుండా నేరుగా అరుగు దగ్గరికి వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. తారను కూడా దుకాణం నుంచి పిలిపించింది.

"నేను ఎన్నో మేళాలను కొలిచిన అమ్మా. గిట్ల కలిసి కొట్టినోళ్లను చూడలే. అందరి చేతులు ఒక్క చెయ్యి లెక్క! పొద్దంత సాధన చేసినట్టున్నరు కదా?"

అరుగు మీద ఒక్కరూ తల ఎత్తలేదు. చిన్నవ్వ తంబాకు నలుపుతూ అన్నది. "చేసినం బిడ్డా. నడుములు పోయినయి."

"అందరు ఎవరి వెనక నడుస్తున్నరో గూడ తెలిసింది." మానస నవ్వుతూ తిరిగింది. "గంగాబాయి పెద్దమ్మ. బృందాన్ని నడిపించేది ఆమెనే. అందరి చెయ్యి ఆమె చెయ్యి కోసమే చూస్తున్నది."

అంతగా తాళం తప్పే బృందం వారంలోనే ఎట్లా కుదిరిందన్న ప్రశ్న అక్కడ గాలిలో వేలాడుతోంది. మానస దాన్ని అడగలేదు. కమిటీ ముందు నిలబడవలసిన రోజు దగ్గరపడ్డవాళ్లకు మంచి కబురును అనుమానించే ఓపిక ఉండదు.

"మరి నేను?" అన్నది తార.

మానస నవ్వు తగ్గింది. "మీ పట్టీల ఏమన్న లోపముందో ఏమో అమ్మా. మీ చెయ్యి... ఎవరితోని కలుస్తలేదు."

తార ముఖం నల్లబడింది. అరుగు మీద ప్రతి ఒక్కరికీ నిజం తెలుసు. చెబితే సాధన చెయ్యలేదని అందరికీ తిట్లు పడతాయి. గంగాబాయికి ఇంకొకటి కూడా తెలుసు. ఆమె చాట మీద చెయ్యి పెట్టి, ఎప్పటిలాగే ముందుగా నోరు తెరిచింది. తెరిచిన నోటినుంచి వచ్చింది మాత్రం ఇది.

"మిషిని చెప్పినంక ఎవ్వలేమంటరు తారా?"

తార ఒక్క క్షణం వదినెను చూసింది. చేతికున్న పట్టీ విప్పి, చాటలోని తునికాకు మీద పెట్టింది. "సరె. మాటంటె మాటనే. నేను కామారెడ్డికి వస్త. స్టేజి మీదికి గాదు, కిందికి. నా వదినె ఎట్ల నడిపిస్తదో చూసి పోత."

"మరి పాట ఎవ్వలెత్తుకుంటరు?" అన్నది ప్రమోద.

"నడిపించేటామె ఎత్తుకుంటది," అన్నది తార, వీధిలోకి దిగుతూ.

ఆ రోజు అన్నం తినేటప్పుడు గంగాబాయి ముత్తయ్యకు జరిగిందంతా చెప్పింది. ముత్తయ్య ఇంట్లో మాట్లాడటం అరుదు. ఆయన వంతు కూడా ఆమే మాట్లాడుతుంది.

"చెప్పరాదు," అన్నాడాయన.

"చెప్తె నన్ను తీసేస్తరు."

ముత్తయ్య ఇంకా ఏదో అనబోయి, మజ్జిగ పోసుకున్నాడు.

కామారెడ్డిలో ఫంక్షన్ హాలు. వేదిక వెనక పెద్ద తెర. దాని మీద ఒక్కొక్క చేతికి ఒక్కొక్క రంగు గీత. చేతులు కలిస్తే గీతలు కలుస్తాయి. ముందు వరుసలో ఫండు కమిటీ. వాళ్లలో మాట్లాడేవాడు సుందర్, హైదరాబాదు మనిషి. మొదటినుంచీ ఆయనకు ఈ పట్టీల మీద నమ్మకం లేదు. మానసతో మాట్లాడుతున్నంతసేపూ గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

"ఇది వస్తువా, బొమ్మా అన్నది ఇవాళ తేలాలి మానస గారూ. పరిశోధన బాగుందని ఇదివరకే విన్నాం. ఇక వినం, చూస్తాం."

మూడో వరుసలో తార. ఒళ్లో చేతి సంచి, సంచి మీద రెండు చేతులు, మూతి బిగించి.

వేదిక మీద ఒకే రంగు చీరల్లో బృందం. అందరికంటే ముందు, మైకు దగ్గర, గంగాబాయి. నడుం నిటారుగా ఉంది. ఇంతమంది తన ముఖం చూడటం పెళ్లినాడు తప్ప ఎప్పుడూ లేదు. మానస చేత్తో సైగ చేసింది, మొదలుపెట్టమని.

గంగాబాయి చిరుత ఎత్తింది. చెయ్యి పడలేదు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఆమె జీవితంలో ఏ పాటనూ మొదలుపెట్టి ఎరగదు. ఎవరో మొదలుపెడితే వాళ్లను దాటి పోవడమే ఆమెకు తెలిసిన విద్య. ఇప్పుడు దాటడానికి ముందర ఏమీ లేదు. వెనక అందరి చేతులూ ఆమె చేతి కోసం గాలిలో నిలబడ్డాయి. తెర మీద గీతలు చదునుగా, కదలకుండా పడుకున్నాయి. సుందర్ గడియారం చూసుకున్నాడు.

వెనకనుంచి చిన్నవ్వ బుసకొట్టింది. "చాట అనుకోవే గంగా! చాట అనుకో!"

చాట అనగానే చెయ్యి దిగింది. టక్. వెనక అందరివీ టక్. మళ్లీ టక్. అరుగు మీది వేగం, అరుగు మీది కసి. పట్టీలు జివ్వుమన్నాయి. తెర మీద గీతలన్నీ కలిసి ఒకే గీత అయ్యాయి. మానస కళ్లు మెరిశాయి. కమిటీలో ఒకాయన ముందుకు వంగాడు.

సుందర్ కూడా మొదటిసారి గడియారం మీదనుంచి చూపు తిప్పాడు. "బాగుంది. చాలా బాగుంది." కాసేపు ఆగి అడిగాడు. "పాట ఎప్పుడు మొదలవుతుంది?"

పాట మొదలవదు. బీడీల వేగానికి సరిపోయే పాట ఆ బృందానికి రాదు, ఏ బృందానికీ రాదు. గంగాబాయి ఒక చరణం అందుకోబోయింది. మొదటి మాట నోట్లోంచి రాకముందే తాళం రెండో మాట దగ్గరుంది. చిన్నవ్వ సాయం పట్టబోయి దగ్గింది. చిరుతలు మాత్రం ఆగలేదు. టక్, టక్, టక్. వెనక వరుసల్లో ఎవరో నవ్వారు. ఇంకెవరో ఈల వేశారు. గంగాబాయి చెవులు కాలాయి. ఆపుదామంటే చెయ్యి ఆగదు. అప్పుడు ఆమె కళ్లు, తనకు తెలియకుండానే, మూడో వరుసలోకి వెళ్లాయి.

తారకు సంతోషంగా ఉండవలసిన సమయం. కానీ తప్పు పాడుతుంటే విని ఊరుకునే జబ్బు ఆమెకు లేదు. సంచి కుర్చీలో పడేసి లేచి నిలబడింది.

"ఆపుండ్రి మీ టకటక! భజన గిట్లనే చేస్తరా?"

అని, నిలబడ్డచోటే, మైకు లేకుండా, కళ్లు మూసుకుని రాగం తీసింది. ఎప్పటి నిదానమే. హాలంతా ఆ నిదానం పరుచుకుంది. వేదిక మీద ఒక్కొక్క చెయ్యీ ఆ పాట దగ్గరికి వచ్చి చేరింది. గంగాబాయి చెయ్యి కూడా చేరింది. చేరి, ఊపిరి తీసుకుని, అలవాటు ప్రకారం ముందుకు దూకింది. తార గొంతు దాన్ని వెనక్కి లాగింది. అది మళ్లీ దూకింది. ఆ లాగుడుకూ ఈ దూకుడుకూ మధ్య పాట, శనివారం గుడి ముందు నడిచినట్టే, ఊగుతూ నడిచింది. వెనక వరుసల్లో నవ్వు ఆగింది. ఎవరో చప్పట్లతో తాళం కలిపారు.

తెర మీద మాత్రం గీతలు చెదిరిపోయాయి. ఒకటి ముందుకు పరుగెత్తుతోంది, మిగిలినవి దారి తప్పిన మేకల్లా తిరుగుతున్నాయి. సుందర్ ఒకసారి తెరను చూశాడు, ఒకసారి తారను చూశాడు. చివరికి చెయ్యి ఎత్తాడు.

"అమ్మా, మీరు పాడుతుంటే మా లెక్క చెడిపోతోంది. కొంచెం ఆపుతారా?"

"ఏంది? నేను ఆపాల్నా?" తార కళ్లు తెరిచింది. "రోజు సాధన చేసినదాన్ని నేను. మీ మిషిని నన్నే పనికిరావన్నది."

సుందర్ మానస వైపు తిరిగాడు. "ఇంటి దగ్గర అంత బాగా కలిసినవాళ్లు పాట రాగానే ఎందుకు విడిపోయారు? అక్కడ వీళ్లు ఏం వాయించారు అసలు?"

మానస బృందం వైపు చూసింది. బృందం గంగాబాయి వైపు చూసింది. గంగాబాయి జీవితంలో మొదటిసారి జవాబుకు ఆలస్యమైంది. ఆ ఖాళీలోకి చిన్నవ్వ దూరింది.

"వాయించింది లేదు, ఏం లేదు సారూ. బీడీలు చుట్టినం. పట్టీ తియ్యద్దన్నరు, తియ్యలే."

హాలంతా నవ్వింది. నవ్వనివాళ్లు మానస, సుందర్, తార. గంగాబాయి నవ్వలేదు, ముందుగా కూడా నవ్వలేదు.

"మా ఫండు సంగీతానికి," అన్నాడు సుందర్, ఫైలు మూస్తూ. "బీడీలకు కాదు. మళ్లీ ఎప్పుడైనా, పాట దగ్గర పనిచేసే పట్టీ తయారయ్యాక రండి." కమిటీ టీ తాగడానికి లేచింది.

మానస వేదిక ఎక్కి ఒక్కొక్కరి చేతి నుంచి పట్టీలు విప్పుకుంది. చివరగా గంగాబాయి పట్టీ విప్పుతూ అన్నది.

"ఒక్క మాట చెప్తే ఏమైపోతుండె పెద్దమ్మా? నేను వేరే ఊర్లెనన్న చూసుకుందును. మూడేండ్లు తిరిగిన ఈ పైసల కోసం."

గంగాబాయి చెయ్యి చాపి నిలబడింది. పట్టీ కింద చర్మం తెల్లగా, కొత్తగా ఉంది. "నువ్వు నన్ను తిట్టు బిడ్డా," అన్నది చివరికి. "తిట్టకుంట పోకు."

మానస తిట్టలేదు. పట్టీలు సంచిలో వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే గంగాబాయికి ఆ రాత్రి అన్నం దిగేది.

తిరుగు ప్రయాణానికి ఎల్లారెడ్డి బస్సు పూర్తిగా ఆగకముందే గంగాబాయి ఎక్కి, అలవాటు కొద్దీ అందరికీ సీట్లు ఆపింది. ఒక దాంట్లో కొంగు, ఒక దాంట్లో చేతిసంచి, ఒక దాంట్లో చిరుతలు. అందరూ ఎక్కారు. ఆపిన సీట్లలోంచి కొంగునూ సంచినీ చిరుతలనూ ఎత్తి ఆమె ఒళ్లో పడేసి కూర్చున్నారు గాని, ఆమె పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు.

"నీ పుణ్యమాని ఊరంత నవ్విండ్రు," అన్నది ప్రమోద వెనకనుంచి.

"నువ్వు చెప్తివా మరి?" అన్నది గంగాబాయి తిరగకుండానే.

"నాదేమున్నది, నడిపించేదానివి నువ్వు," అన్నది ప్రమోద. చిన్నవ్వ కిటికీకి తల ఆనించి, నిద్ర నటిస్తోంది. నిజం చెప్పిన మనిషికి కూడా ఆ బస్సులో మర్యాద లేదు.

తార ఎక్కినప్పటినుంచి నిలబడే ఉంది, ఇనుప కడ్డీ పట్టుకుని. ఖాళీగా ఉన్నది వదినె పక్క సీటు ఒక్కటే. లింగంపేట దగ్గర ఊరివాళ్లు మూటలతో ఎక్కి, తొక్కిడి ఎక్కువై, కండక్టరు కసిరాడు. "ఆ ఖాళీ సీట్ల కూసో అమ్మా, ఎందుకు నిలబడ్తవు?" తార కూర్చుంది. కూర్చుని, సంచిని ఇద్దరి మధ్య గోడలా పెట్టుకుంది.

బస్సు మక్కచేన్ల మధ్యనుంచి పోతోంది. గంగాబాయి ఒళ్లో చిరుతలు బస్సు కుదుపుకు వాటంతట అవే గలగలమంటున్నాయి. వాటిని చేత్తో అదిమి పట్టుకుంది. తనను తీసేసే మాట ఇప్పుడు వస్తుందని ఆమెకు తెలుసు. ఈ ఒక్కసారి ముందు మాట్లాడకుండా ఆగింది.

"ఆ పిల్ల పైసలు పాయె. నా ఇజ్జత్ పాయె. మిషిని అబద్ధం చెప్తున్నదని తెలిసి గూడ నోరు మూసుకున్నవు. ఇయ్యాల గూడ, నేను పాట ఎత్తుకున్ననో లేదో, మల్ల నన్ను దాటి ఉరికినవు," అన్నది తార, ముందు సీటును చూస్తూ. "ఇన్నేండ్లల్ల ఒక్క పాటల గూడ నా ఎంబడి రాలే. వచ్చే శనివారం సంది నువ్వు భజనకు రాకు వదినె."

గంగాబాయి చిరుతల మీదనుంచి చెయ్యి తీసింది.

"నేను రాకుంటె నువ్వు ఎవ్వల్ని ఎనక్కి గుంజుతవే తారా?"